వేగపు బోటులో ఇంజన్ ఎక్కడ కూర్చోవాలి

నరసాపురం దగ్గర వశిష్ఠ పాయలో తిప్పుతున్న 24 అడుగుల ఫైబర్ బోటు నుంచి పాత డీజిల్ ఇన్‌బోర్డు (బోటు లోపల కూర్చునే) ఇంజన్‌ను తీసివేసి, దాని బదులు వెనుక గోడకు, అంటే ట్రాన్సమ్‌కు, 150 హార్స్‌పవర్ పెట్రోలు ఔట్‌బోర్డులు రెండు బిగించాలనుకుంటున్నానని మీరు రాశారు. ఆరుగురు ఎక్కినా 45 నాట్ల, అంటే గంటకు దాదాపు 83 కిలోమీటర్ల, వేగం రావాలన్నది మీ కోరిక. ఇంజన్లను నేరుగా ట్రాన్సమ్‌కే బిగించాలా, లేక ఇనుప బ్రాకెట్ వేసి మరో రెండడుగులు వెనక్కి జరపాలా అన్నది మీ సందేహం. నా సమాధానం ముందే చెబుతాను. బ్రాకెట్ వద్దు. రెండు ఔట్‌బోర్డులు పెట్టవచ్చు, కానీ ఆరుగురితో 45 నాట్లు రావు. అన్నిటికంటే ముందు, ఇంజన్లకు బయానా ఇవ్వకముందే, ఈ బోటు బరువు ఎక్కడెక్కడ ఉందో లెక్క వేయాలి. ముప్పై ఏళ్లుగా కాకినాడ, నరసాపురం రేవుల్లో ఇంజన్లు దించడం, ఎక్కించడం చేస్తున్నవాడిగా నేను చూసినంతలో, పాడైన బోట్లలో ఎక్కువ భాగం హార్స్‌పవర్ చాలక పాడైనవి కావు. ఇంజన్ కూర్చోకూడని చోట కూర్చోవడం వల్ల పాడైనవే.

వేగపు బోటు నీటిని చీల్చుకుంటూ పోదు, ఒక వేగం దాటాక నీటి మీదికి లేచి జారుతుంది. దీనినే ప్లేనింగ్ అంటారు. అలా జారేటప్పుడు బోటు బరువంతా వెనుక భాగంలోని కొద్దిపాటి అడుగు మీద ఆనుతుంది కనుక, మొత్తం బరువు కేంద్రం ఎక్కడ ఉందన్నది ఆ బోటు నడకను నిర్ణయిస్తుంది. కేంద్రం మరీ ముందుంటే ముక్కు నీటిలో కూరుకుని, అడుగంతా తడిసి, వేగం చస్తుంది. మరీ వెనుకుంటే ముక్కు లేస్తూ, పడుతూ, మళ్లీ లేస్తూ బోటు గంతులు వేస్తుంది. మీ బోటులాంటి లోతైన వి ఆకారపు అడుగుకు, నీటిని తాకే పొడవులో ట్రాన్సమ్ నుంచి 35 నుంచి 40 శాతం దూరంలో ఈ కేంద్రం ఉండేలా నేను చూసుకుంటాను.

ఇప్పుడు మీరిచ్చిన కొలతలతోనే లెక్క వేద్దాం. దూరాలన్నీ ట్రాన్సమ్ నుంచి ముందుకు కొలిచినవి. ఖాళీ హల్ (బోటు ఒళ్లు), డెక్, కన్సోల్ (చక్రం, మీటలు ఉండే బల్ల) కలిపి 1100 కిలోలు, వాటి కేంద్రం 2.9 మీటర్ల దగ్గర. నిండు ట్యాంకులో ఇంధనం 150 కిలోలు, 2.6 మీటర్ల దగ్గర. ఆరుగురు మనుషులు 450 కిలోలు, 3.2 మీటర్ల దగ్గర. బ్యాటరీలు, లంగరు, మిగతా సామాను 100 కిలోలు, సగటున 3 మీటర్ల దగ్గర. గేర్‌బాక్సుతో కలిపి పాత డీజిల్ ఇంజన్ 450 కిలోలు, 2 మీటర్ల దగ్గర. ఒక్కో బరువును దాని దూరంతో గుణించి, అన్నీ కూడి, మొత్తం బరువైన 2250 కిలోలతో భాగిస్తే 2.76 మీటర్లు వస్తుంది. నీటిని తాకే పొడవు 6.5 మీటర్లు అనుకుంటే ఇది 42 శాతం దాటింది. మీ పాత బోటు బరువుగా, నిలకడగా, కాస్త మొండిగా నడిచేదని మీరు చెప్పినదానికి కారణం ఇదే.

ఆ ఇంజన్ తీసివేసి, ఆయిలు, ప్రొపెల్లరుతో కలిపి ఒక్కోటి 220 కిలోలుండే ఔట్‌బోర్డులు రెండు బిగిస్తే, మొత్తం బరువు దాదాపు మారదు. కానీ ఆ 440 కిలోలూ ఇప్పుడు ట్రాన్సమ్‌కు 30 సెంటీమీటర్ల వెనుక వేలాడుతున్నాయి. లెక్క మళ్లీ వేస్తే కేంద్రం 2.32 మీటర్లకు, అంటే 35.6 శాతానికి వస్తుంది. ఒక్క మార్పుతో బోటు బరువు కేంద్రం 45 సెంటీమీటర్లు వెనక్కి జరిగిందన్నమాట. ఆరుగురూ కూర్చున్నప్పుడు ఇది బాగానే ఉంటుంది. సరంగు ఒక్కడే ఖాళీ బోటును తిప్పుకుని వచ్చేటప్పుడు మాత్రం అది 33 శాతానికి పడిపోతుంది, అప్పుడే గంతులు మొదలవుతాయి. దీని మీద మీరు బ్రాకెట్ వేసి ఇంజన్లను మరో 60 సెంటీమీటర్లు వెనక్కి పంపితే, ఇంకో 12 సెంటీమీటర్లు పోతుంది. బ్రాకెట్ వల్ల ప్రొపెల్లరుకు ప్రశాంతమైన నీరు అందుతుందన్నది, లోపల చోటు కలిసివస్తుందన్నది నిజమే. కానీ ఆ లాభాలు ముందునుంచీ బ్రాకెట్ కోసమే గీసిన హల్‌కు దక్కుతాయి, ఇన్‌బోర్డు కోసం పోసిన హల్‌కు కాదు.

పోయిన దూరాన్ని తిరిగి రాబట్టే మార్గం ఉంది. అది కదలని బరువులను ముందుకు జరపడమే. ఇంజన్ గదిలో ఉన్న బ్యాటరీలు రెండూ 60 కిలోలుంటే, వాటిని మూడు మీటర్లు ముందుకు, కన్సోల్ కిందికి మార్చండి. కేంద్రం 8 సెంటీమీటర్లు ముందుకు వస్తుంది. కేబుళ్ల పొడవు పెరుగుతుంది కనుక లావు కేబులు వేయక తప్పదు. ఇంజన్ పెట్టె పోయిన చోటు ఖాళీ అవుతుంది కదా అని సీట్లను వెనక్కి పరచాలని అనిపిస్తుంది. దానికి బదులు కన్సోల్‌ను, సీట్లను అర మీటరు ముందుకు జరిపితే మరో 10 సెంటీమీటర్లు వస్తుంది. రెండూ చేస్తే నిండు బోటు కేంద్రం 2.5 మీటర్లకు, అంటే 38 శాతానికి చేరుతుంది. సరంగు ఒక్కడే ఉన్నా 34 శాతం పైనే నిలుస్తుంది. పెట్రోలు ట్యాంకును మాత్రం ముందుకు తోయకండి. అది 2.6 మీటర్ల దగ్గర, దాదాపు కేంద్రం మీదనే ఉంది కాబట్టి, ట్యాంకు నిండుగా ఉన్నా అడుగంటినా బోటు వాలు మారదు. ట్యాంకును ముక్కులో పెట్టి బోటును సరిచేసినవాళ్లను చూశాను. ఉదయం బాగా నడిచిన బోటు ఇంధనం ఖర్చయ్యాక సాయంత్రానికి వేరే బోటు అయిపోతుంది.

కాగితం మీది లెక్క ఒకటి, నీటి మీది రుజువు ఒకటి. అందుకే ఏ బోటుకైనా నేను చేసే పని ఒకటుంది. పాత ఇంజన్ దించిన తరువాత, రంధ్రాలు కోయకముందు, ట్రాన్సమ్ పైఅంచు నుంచి వెనక్కి పొడుచుకువచ్చేలా గట్టి దుంగలు రెండు కట్టి, వాటికి పలక బిగించి, దాని మీద 20 లీటర్ల నీళ్ల డబ్బాలు 22 పేర్చి కట్టాలి. అది 440 కిలోలు. ఆరుగురిని వాళ్ల వాళ్ల చోట్ల కూర్చోబెట్టి, గాలి లేని పొద్దున పూట, పోటు నిండి నీరు కదలకుండా ఉన్న వేళ, వెనుక రెండు మూలలా నీటి గీత ఎక్కడికి వచ్చిందో మార్కర్‌తో గుర్తు పెట్టాలి. డెక్ మీది నీరు బయటికి పోవడానికి వేసిన తూములు ఆ గీతకు పైనే ఉన్నాయా, కిందికి మునిగాయా చూడాలి. మునిగితే బయటికి పోవలసిన నీరు లోపలికి వస్తుంది. తరువాత అందరినీ వెనుక ఎడమ మూలకు రమ్మని, అక్కడ అంచుకూ నీటికీ మధ్య ఎన్ని అంగుళాలు మిగిలిందో కొలవాలి. ఇదంతా ఒక పూట పని, ఖర్చు లేని పని.

దీని మీద ఇంత పట్టుపట్టడానికి ఒక కారణం ఉంది. చాలా ఏళ్ల కిందట, ఇలాగే మార్పు చేసిన ఒక బోటును పరీక్షించడానికి నేనే చక్రం పట్టి అంతర్వేది మొగ దాకా తీసుకెళ్లాను. వెళ్లేటప్పుడు బాగానే ఉంది. తిరిగి వచ్చేసరికి పాటు మొదలై నది నీరు సముద్రంలోకి దిగుతోంది, సముద్రపు అల వెనుక నుంచి ఎదురెక్కుతోంది. ఆ రెండూ ఢీకొనే అన్నాచెల్లెళ్ల గట్టు దగ్గర అలలు పొట్టిగా, నిటారుగా లేస్తాయి. ముందు వల కనబడి నేను త్రాటిల్ ఒక్కసారిగా తగ్గించాను. బోటు ముక్కు పడి, వెనుక భాగం కుంగి, మా వెనుకే వస్తున్న మా సొంత అల, సముద్రపు అల రెండూ కలిసి ట్రాన్సమ్ మీదుగా లోపలికి దొర్లాయి. మోకాళ్ల లోతు నీరు వచ్చింది. నలుగురినీ ముక్కులోకి పరుగెత్తమని అరిచి, ఇంజన్లు ఆగకముందే మళ్లీ వేగం అందుకోగలిగాను కనుక బయటపడ్డాం. ఆ బోటు ట్రాన్సమ్ లోపల నీటిని ఆపే గోడ కట్టలేదు, బరువు లెక్క ఎవరూ వేయలేదు. ఇంజన్లు ఎక్కించిన నేను కూడా అడగలేదు. మీ బోటుకు ట్రాన్సమ్ ముందు, దాని ఎత్తుకు తగ్గకుండా, రెండవ గోడ కట్టి మధ్యలో నీరు వెనక్కి పోయే తొట్టి తప్పకుండా ఏర్పాటు చేయండి.

డీజిల్ ఇంజన్ అడుగున కూర్చున్నప్పుడు బోటుకు అడుగుబరువుగా కూడా పనిచేస్తుంది. ఔట్‌బోర్డు తల ట్రాన్సమ్‌కు పైన ఉంటుంది. అంటే బరువు వెనక్కే కాదు, పైకి కూడా పోతోంది. కనుక పైకప్పు, దాని మీద సోలార్ పలకలు, సామాను అంటూ మీరు రాసిన మిగతా ఆలోచనలను ఇప్పటికి పక్కన పెట్టండి.

ఇక ట్రాన్సమ్ బలం. పాత అమరికలో ప్రొపెల్లరు తోపు షాఫ్టు గుండా గేర్‌బాక్సుకు, అక్కడి నుంచి ఇంజన్ దిమ్మెలకు, అడుగున పొడవునా వేసిన స్ట్రింగర్లకు, అంటే దూలాలకు, వెళ్లేది. ట్రాన్సమ్ నీటిని ఆపే గోడ మాత్రమే. ఇప్పుడు పూర్తి వేగంలో సుమారు 600 కిలోల తోపు దాని మీదే పడుతుంది. తోపు కింద ప్రొపెల్లరు దగ్గర పుడుతుంది, బోల్టులు పైన ఉంటాయి. అందువల్ల కింది భాగం గోడను ముందుకు నొక్కుతుంటే పై బోల్టులు దానిని వెనక్కి లాగుతుంటాయి. మొదట, తూము దగ్గర లోపలి వైపు నుంచి, 6 మిల్లీమీటర్ల డ్రిల్లుతో చిన్న రంధ్రం వేసి చూడండి. బిట్టుకు పొడిగా, లేతరంగు చెక్క పొట్టు వస్తే మంచిదే. కాఫీ పొడి తడిసినట్టు నల్లటి ముద్ద, దాని వెనుక పుల్లటి వాసనతో నీటి చుక్క వస్తే లోపలి ప్లైవుడ్ కుళ్లిందని అర్థం. అలాంటి గోడకు పైన ఎన్ని పొరల ఫైబర్ వేసినా ప్రయోజనం లేదు, కుళ్లినదంతా తీసేయాలి. మెరైన్ ప్లై 18 మిల్లీమీటర్లది మూడు పొరలు ఎపాక్సీతో అంటించి, గోడ నుంచి ప్రతి స్ట్రింగర్‌కూ ముక్కోణపు దన్ను కట్టాలి. తోపు చివరికి స్ట్రింగర్లకే చేరాలి. బోల్టు రంధ్రాలను కావలసినదానికంటే పెద్దవిగా వేసి, ఎపాక్సీతో నింపి, గట్టిపడ్డాక దాని మధ్యలో అసలు రంధ్రం వేస్తే నీరు చెక్కకు తగలదు. పాత షాఫ్టు రంధ్రాన్ని కూడా బిరడాలా మూయకూడదు. అడుగు 10 మిల్లీమీటర్ల మందం ఉంటే చుట్టూ 120 మిల్లీమీటర్ల దాకా ఏటవాలుగా అరగదీసి, పొర మీద పొరగా నింపాలి.

ఇంజన్ల ఎత్తు దగ్గర చాలామంది పొరబడతారు. మీ ట్రాన్సమ్ మధ్యలో కొలిస్తే 25 అంగుళాలు ఉంది కనుక 25 అంగుళాల కాలు (ట్రాన్సమ్ నుంచి నీటిలోకి దిగే భాగం) ఉన్న ఇంజన్లే తెప్పిస్తానన్నారు. ఒక్క ఇంజన్ మధ్యలో బిగించేటప్పుడు ఆ మాట సరైనది. రెండు ఇంజన్ల మధ్య 26 అంగుళాలు వదిలితే, ఒక్కోటి మధ్య గీతకు 13 అంగుళాల పక్కన కూర్చుంటుంది. మీ అడుగు 20 డిగ్రీల వాలుతో ఉంది కనుక అక్కడ అడుగు దాదాపు 4.7 అంగుళాలు పైకి వచ్చేసి ఉంటుంది. అంటే ఇంజన్ కూర్చునే చోట నిజమైన ఎత్తు 20 అంగుళాల చిల్లర మాత్రమే. దానికి 25 అంగుళాల కాలు వేస్తే దాదాపు ఐదంగుళాల అదనపు ఇనుము నీటిలో ఈడ్చుకుపోతుంది. మన పాయల్లో ఇసుక మేటలకు తగిలేది కూడా ముందు అదే. కాబట్టి రెండే దారులు. 20 అంగుళాల కాలు ఉన్న ఇంజన్లు తెప్పించాలి, లేదా ట్రాన్సమ్‌ను ఐదంగుళాలు ఎత్తు చేసి 25 అంగుళాలవి వేయాలి. ఎలాగూ ట్రాన్సమ్ మళ్లీ కట్టవలసి వచ్చేలా ఉంది కనుక, వెనుక అల భయం ఉన్న మొగ దగ్గర తిరిగే బోటుకు, ఎత్తు చేయడమే నాకు ఇష్టం. ప్రొపెల్లరు పైనుండే పలక, ఆ ఇంజన్‌కు సూటిగా ముందున్న అడుగుతో సమానంగానో, ఒక అంగుళం పైనో ఉండేలా మొదలుపెట్టి, రెండు మూడు పరుగుల తరువాత ఒక్కో రంధ్రం చొప్పున పైకి ఎత్తుకుంటూ రండి. మలుపులో ప్రొపెల్లరు గాలి పీల్చి ఇంజన్ అరిస్తే ఒక రంధ్రం దించండి.

రెండు ఇంజన్లూ ఒకే వైపు తిరగకూడదు. వెనుక నుంచి చూస్తే కుడిది గడియారం దిక్కున, ఎడమది దానికి ఎదురుగా తిరిగే జత తీసుకోండి. ఒకే దిక్కున తిరిగితే రెండింటి మెలి కలిసి బోటును ఒక పక్కకు ఒరగదోస్తుంది.

వేగం మాటకు వస్తే, క్రౌచ్ సూత్రం అని పడవలు గీసేవాళ్లు వాడే పాత లెక్క ఒకటుంది. పౌండ్లలో బోటు బరువును హార్స్‌పవర్‌తో భాగించి, దాని వర్గమూలంతో ఒక స్థిరాంకాన్ని భాగిస్తే గంటకు ఎన్ని మైళ్లో వస్తుంది. మీ హల్‌కు స్థిరాంకం 190 వేసుకోవచ్చు. 2240 కిలోలంటే 4940 పౌండ్లు, దానికి 300 హార్స్‌పవర్. దాదాపు 47 మైళ్లు, అంటే గంటకు 75 కిలోమీటర్లు, 41 నాట్ల లోపు వస్తుంది. ఇద్దరే ఎక్కితే 44 నాట్ల దగ్గరికి వస్తుంది. నిండు బోటుతో 45 దాటాలంటే 200 హార్స్‌పవర్ జత కావాలి. శక్తి మూడో వంతు పెంచితే వేగం ఆరో వంతు కూడా పెరగదు, పెరిగిన బరువంతా మళ్లీ వెనుకే పడుతుంది. ఇప్పటికే రెండు 150లు పూర్తి త్రాటిల్‌లో గంటకు 100 లీటర్లకు పైగా తాగుతాయి, మీ ట్యాంకు 200 లీటర్లు. ఆ నాలుగు నాట్ల కోసం వెంటపడవద్దని నా సలహా. ప్రొపెల్లరు విషయంలో, గేర్ నిష్పత్తి 1.92 ఉన్న ఇంజన్‌కు 19 అంగుళాల పిచ్‌తో (జారుడు లేకుంటే ఒక్క చుట్టుకు ప్రొపెల్లరు ముందుకు పోయే దూరం) మొదలుపెట్టండి. 5800 చుట్ల దగ్గర అది జారుడు లేకుండా గంటకు 87 కిలోమీటర్లు ఇవ్వాలి. 75 వస్తే 14 శాతం జారుడన్నమాట, ఇలాంటి బోటుకు అది సమంజసమే. నిండు బోటుతో ఇంజన్ ఆ చుట్లు అందుకోలేకపోతే 17కు దిగండి.

ఇన్‌బోర్డునే ఉంచి వి-డ్రైవ్ వేయడం, జెట్ (నీటిని పీల్చి వెనక్కి చిమ్మి బోటును తోసే పంపు) వేయడం గురించి కూడా అడిగారు. వి-డ్రైవ్‌లో ఇంజన్ వెనక్కి తిరిగి కూర్చుంటుంది, షాఫ్టు ముందుకు వెళ్లి పెట్టెలో మలుపు తిరిగి కిందుగా వెనక్కి వస్తుంది. బరువుకు అది చక్కని అమరిక. కానీ షాఫ్టు, చుక్కాని ఎప్పుడూ కిందికి వేలాడుతూనే ఉంటాయి, మేట తగిలితే పైకి ఎత్తుకోవడానికి ఉండదు. సముద్రంలో పరుగు పందేలకు గీసిన పొడవైన బోట్లలో రెండు ఇంజన్లను ఒకదాని కంటే ఒకటి ముందుగా, ఏటవాలుగా అమర్చడం కూడా ఉంది, ఇరుకైన వి అడుగులో అవి కిందికి దిగి కూర్చోవడానికి. 24 అడుగుల బోటులో దానికి చోటే లేదు. జెట్ లోతు తక్కువ నీటికి మంచిదని అంటారు, రాతి నదుల్లో నిజమే. మన దగ్గర ధవళేశ్వరం కిందికి వరద రోజుల్లో దిగే ఎర్రనీటిలోని ఒండ్రు, ఇసుక దాని లోపలి రింగును అరగదీస్తాయి, గుర్రపుడెక్క నోటి జల్లెడకు చుట్టుకుంటుంది. ఎత్తుకోగల ఔట్‌బోర్డే డెల్టాకు తగినది అనడంలో నాకు సందేహం లేదు.

ఆ ఔట్‌బోర్డు కూడా ఇదే నీటిని తాగి చల్లబడాలి. ఒండ్రు నీటిలో, ఆ నీటిని తోడే పంపులోని రబ్బరు ఇంపెల్లరు (రెక్కల చక్రం) పుస్తకంలో రాసిన గడువుదాకా నిలవదు, వరద సీజను ముగియగానే మార్చండి. వెనుక నుంచి చిమ్మే సన్నటి నీటి ధార బలంగా ఉందో లేదో సరంగుకు ప్రతిరోజూ చూసే అలవాటు చేయండి. ఇంజన్ లోహాన్ని ఉప్పునీరు తినకుండా, దాని బదులు తామే కరిగిపోయే లోహపు ముక్కలైన ఆనోడ్‌ల సంగతి దుకాణంలో అడగరు, ఏది ఉంటే అది ఇస్తారు. జింకు సముద్రానికి, మెగ్నీషియం మంచినీటికి. వరదల్లో తియ్యగా, వేసవిలో ఉప్పగా మారే మన పాయలకు అల్యూమినియం ఆనోడే సరైనది. ఇంకొకటి, ఇప్పుడు బంకుల్లో దొరికే పెట్రోలులో 20 శాతం ఇథనాల్ ఉంటోంది. చాలా ఔట్‌బోర్డులకు తయారీదారు అనుమతించేది 10 శాతమే. కొనేముందు ఆ ఇంజన్ పుస్తకంలో ఈ ఒక్క వాక్యం వెతికి చదవండి. ఇథనాల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది కనుక, నీటిని వేరుచేసే 10 మైక్రాన్ల ఫిల్టరును ఒక్కో ఇంజన్‌కు విడిగా పెట్టండి. డెక్ కింది పెట్రోలు ట్యాంకు గదికి గాలి వచ్చే దారి, పోయే దారి రెండూ ఉండాలి. డీజిల్ బోటుగా పుట్టినదానికి అవి ఉండవు.

ఇంజన్లు మార్చిన బోటుకు, ఇన్‌లాండ్ వెసెల్స్ చట్టం 2021 కింద సర్వే మళ్లీ చేయించి, రిజిస్ట్రేషన్ పత్రంలో మార్పు రాయించుకోవాలి. పైన చెప్పిన బరువుల పట్టిక, నీటి గీతల కొలతలు సర్వేయరుకు చూపిస్తే పని తేలికవుతుంది.

తొలి పరుగులు సఖినేటిపల్లి, నరసాపురం మధ్య పంటు తిరిగే దారికి దూరంగా, నావలూ వలలూ లేని వెడల్పు చోట, పోటు నిండిన గంటలో తీయండి. లంకల గట్ల పక్కన ఆ వేగం వద్దు, మీ అల వాళ్ల ఒడ్డును కోస్తుంది. సరంగు నడుముకు ఇంజన్ ఆపే తాడు కట్టుకోకుండా త్రాటిల్ ముట్టుకోకూడదు. దానికంటే ముందు నీళ్ల డబ్బాల పరీక్ష చేసి, వెనుక రెండు మూలల నీటి గీతల ఎత్తు, తూముల ఎత్తు, డ్రిల్లు బిట్టుకు వచ్చిన పొట్టు రంగు నాకు రాయండి. ట్రాన్సమ్ ఎంత ఎత్తు చేయాలో, ఏ కాలు ఇంజన్లకు ఆర్డరు ఇవ్వాలో ఆ కొలతలు చూశాక చెబుతాను. అప్పటిదాకా బయానా ఇవ్వకండి.